పాస్‌వర్డ్‌లు ఎక్కడ దాచుకోవాలి? నోటుపుస్తకం, ఫోన్, బిట్‌వార్డెన్, కీపాస్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది

పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకచోట తాళం వేసి దాచే యాప్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్ వాడమని ఎవరికి చెప్పినా ముందు వచ్చే మాట ఒకటే: "అన్నీ తీసుకెళ్లి ఒకే యాప్‌లో పెడితే, ఆ యాప్‌నే ఎవడో హ్యాక్ చేస్తే నా గతేంటి?" సరైన అనుమానమే. అలాంటిది జరిగింది కూడా, ఆ సంగతి కింద చెబుతాను. కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇప్పుడు పాస్‌వర్డ్‌లు ఎక్కడ పెడుతున్నారో ఒకసారి చూడండి. జీమెయిల్‌కీ, రైల్వే టికెట్ల సైటుకీ, కరెంటు బిల్లు యాప్‌కీ ఒకటే పాస్‌వర్డ్, చివర్లో అంకె మాత్రం మారుతుంది. ఏటీఎం పిన్ కాంటాక్ట్స్‌లో 'బ్యాంకు మామయ్య' పేరుతో ఫోన్ నంబరులా ఉంటుంది. నెట్‌బ్యాంకింగ్ వివరాలు రాసిన కాగితం ఫొటో గ్యాలరీలోనూ, ఫ్యామిలీ గ్రూపులోనూ ఉంటుంది. మేనేజర్ భద్రమేనా అని అడిగినప్పుడు పోల్చి చూడాల్సింది ఈ అలవాట్లతో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామందికి పాస్‌వర్డ్ మేనేజర్ భద్రమైన ఏర్పాటే. అయితే ఏ మేనేజర్ అన్నది హ్యాకర్ల భయం ఒక్కదాన్ని బట్టే తేల్చుకోకూడదు. మీరు ఏయే పరికరాలు వాడతారు, మేనేజర్‌ను తెరిచే ఒకే ఒక్క పాస్‌వర్డ్, అంటే మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఏమవుతుంది, మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్లకు దారి ఉంటుందా అన్నవి కూడా అంతే ముఖ్యం.

## దేన్ని బట్టి చూడాలి

మొదటిది, ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల వాడే అలవాటును మాన్పిస్తుందా? 2009లో రాక్‌యూ అనే అమెరికన్ కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటికొచ్చాయి. ఏ ఎన్‌క్రిప్షనూ (తాళం లేకుండా చదవలేని రూపంలోకి మార్చడం) లేకుండా, జనం టైప్ చేసినవి టైప్ చేసినట్టే దాచారు వాళ్లు. వాటిలో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఇలాంటి జాబితా దొరికినవాడు ఆ సైటుతో ఆగడు. అవే ఈమెయిళ్లు, అవే పాస్‌వర్డ్‌లు మిగతా సైట్లన్నిటిలో ప్రోగ్రామ్ పెట్టి ప్రయత్నిస్తాడు. మీరు ఎప్పుడో కూపన్ కోసం రిజిస్టరైన చిన్న షాపింగ్ సైటు లీకైతే మీ జీమెయిల్ పోయేది ఈ దారిలోనే.

రెండోది, నకిలీ సైటును పసిగడుతుందా? మేనేజర్ల గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, నా దృష్టిలో వాటి అసలు ఉపయోగం ఇదే. "మీ కేవైసీ గడువు ముగిసింది", "ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం" అని మెసేజ్ వస్తుంది, లింకు నొక్కితే అచ్చం బ్యాంకు పేజీలాగే తెరుచుకుంటుంది. అడ్రసులో ఒక్క అక్షరం తేడా మన కంటికి ఆనదు. మేనేజర్ మాత్రం పేజీ అందాన్ని చూడదు, అడ్రసునే సరిపోలుస్తుంది. సరిపోకపోతే పాస్‌వర్డ్ నింపదు. రోజూ నింపేది ఇవాళ నింపలేదంటే, కాపీ చేసి అతికించే ముందు అడ్రసును ఒకసారి మళ్లీ చదవండి.

మూడోది, కంపెనీ సర్వర్ నుంచి డేటా పోతే ఏమవుతుంది. నాలుగోది, మీ సొంత ఫోనో ల్యాప్‌టాపో వేరేవాళ్ల చేతికి చిక్కితే, లేదా అందులో వైరస్ దూరితే ఏమవుతుంది. ఐదోది, మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోయినా, ఫోను పోయినా, మనిషే పోయినా తెరిచే దారి ఉంటుందా. ఖర్చును నేను చివర పెడతాను, ఎందుకంటే మంచివి ఉచితంగానే దొరుకుతున్నాయి.

## హ్యాక్ అయితే: లాస్ట్‌పాస్ కథ

లాస్ట్‌పాస్ ఒకప్పుడు అందరూ సిఫారసు చేసిన మేనేజర్. 2022 ఆగస్టులో దొంగలు దాని డెవలపర్ల వ్యవస్థలోకి దూరారు. ఆ తర్వాత ఒక సీనియర్ ఇంజినీర్ ఇంటి కంప్యూటర్‌లో ఉన్న పాత మీడియా సాఫ్ట్‌వేర్ లోపాన్ని వాడుకుని, టైప్ చేసేవన్నీ రికార్డు చేసే కీలాగర్ పెట్టి, అతని మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. అక్కడినుంచి వినియోగదారుల వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టెల) బ్యాకప్‌లు కాపీ చేసుకుపోయారు. కంపెనీ ఈ సంగతి 2022 డిసెంబరులో బయటపెట్టింది.

పోయిన వాల్ట్‌లలో పాస్‌వర్డ్‌లు, యూజర్ నేమ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. వాటిని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర లేదు కాబట్టి దొంగకూ దొరకలేదు. అంటే గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్ల వాల్ట్ దొంగ చేతిలో ఉన్నా వాడికి పనికిరాదు. మేనేజర్లు ఇచ్చే మాట ఇదే, అంతవరకు అది నిలబడింది.

మరి ఎక్కడ దెబ్బతింది? రెండు చోట్ల. వాల్ట్‌లోని వెబ్‌సైట్ల అడ్రసులు ఎన్‌క్రిప్ట్ కాలేదు. ఎవరికి ఏ బ్యాంకులో, ఏ క్రిప్టో ఎక్స్‌ఛేంజ్‌లో ఖాతా ఉందో దొంగలకు తెలిసిపోయింది. ఎవరి వాల్ట్ మీద కష్టపడితే గిట్టుబాటవుతుందో తేల్చుకోవడానికి వాళ్లకు అది చాలు. రెండోది ఇంకా పెద్ద లోపం. మాస్టర్ పాస్‌వర్డ్‌ను తాళంగా మార్చే లెక్కను ఎన్నిసార్లు తిప్పితే ఊహించేవాడికి అంత ఆలస్యం అవుతుంది. లాస్ట్‌పాస్ 2018లో కొత్త ఖాతాలకు దాన్ని 1,00,100 సార్లకు పెంచింది. పాత ఖాతాల్లో చాలావాటిని మాత్రం 5,000 దగ్గరే వదిలేసింది, కొన్నిటిలో అంతకంటే తక్కువ. అంటే ఎన్నో ఏళ్లుగా నమ్మి వాడుతున్నవాళ్లకే రక్షణ తక్కువ. ఇప్పుడు భద్రతా నిపుణులు ఆ పద్ధతికి 6,00,000 సార్లు ఉండాలంటున్నారు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, కంపెనీ హ్యాక్ కాదని నమ్మి మేనేజర్ వాడకూడదు. హ్యాక్ అయినా మీ వాల్ట్ తెరుచుకోకూడదన్న లెక్కతో వాడాలి. అది సగం కంపెనీ చేతిలో, సగం మీ మాస్టర్ పాస్‌వర్డ్‌లో ఉంది.

## నోటుపుస్తకం

నవ్వకండి. బ్రిటన్ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ కూడా పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసుకోవడం తప్పేమీ కాదంటుంది, కంప్యూటర్‌కు దూరంగా భద్రంగా పెడితే చాలంటుంది. రష్యాలో ఉన్న హ్యాకర్ గుంటూరులో మీ బీరువా తెరవలేడు. లీక్ కాదు, అప్‌డేట్ అడగదు, బ్యాటరీ అయిపోదు. మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లు చూసుకోగలరు.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. చేత్తో టైప్ చేయాలి కాబట్టి మనిషి తేలికైన పాస్‌వర్డ్‌లే పెట్టుకుంటాడు, అవే మళ్లీ మళ్లీ వాడతాడు. నకిలీ పేజీని పుస్తకం గుర్తుపట్టదు. ఊరెళ్తే వెంట ఉండదు, వెంట తీసుకెళ్తే పోవచ్చు. పుస్తకం పెట్టుకునేవాళ్లు ఒక పని చేయండి: ప్రతి పాస్‌వర్డ్ చివరా మీకు మాత్రమే తెలిసిన నాలుగైదు అక్షరాలు కలిపి వాడండి, పుస్తకంలో అవి రాయకండి. ఇంట్లో నమ్మకమైన ఒక్కరికి నోటిమాటగా చెప్పండి.

## ఫోన్‌తో, బ్రౌజర్‌తో వచ్చేవి

ఆండ్రాయిడ్ ఫోనూ క్రోమూ వాడేవాళ్ల దగ్గర గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఇప్పటికే ఉంది. ఐఫోన్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీచైన్ ఎప్పటినుంచో ఉంది, 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో దానికి 'పాస్‌వర్డ్స్' అనే విడి యాప్ వచ్చింది. రెండూ ఉచితం. కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు లేదు. పాస్‌వర్డ్‌ను అదే తయారుచేస్తుంది, అదే గుర్తుపెట్టుకుంటుంది, లీకైన పాస్‌వర్డ్ ఉంటే హెచ్చరిస్తుంది.

ఆపిల్ మేనేజర్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో ఉంటుంది, ఆపిల్ కూడా చదవలేదు. గూగుల్‌లో మీరు 'ఆన్-డివైస్ ఎన్‌క్రిప్షన్' ఎంచుకుంటే అలాగే ఉంటుంది. అయితే ఆ తాళం పోగొట్టుకుంటే పాస్‌వర్డ్‌లు కూడా పోయే ప్రమాదం ఉంది.

అసలు బలహీనత ఫోన్ లాక్ దగ్గర. స్క్రీన్ లాక్ నాలుగంకెలు తెలిసినవాళ్లు మీ పాస్‌వర్డ్‌లన్నీ తెరవగలరు. బస్సులో పక్కసీటువాడు మీ పిన్ చూసి తర్వాత ఫోన్ కొట్టేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఐఫోన్‌లో దీనికోసమే 2024 జనవరిలో 'స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్' తెచ్చారు. ఇల్లూ ఆఫీసూ లాంటి తెలిసిన చోట్లు కాకపోతే ముఖమో వేలిముద్రో చూపకుండా పాస్‌వర్డ్‌లు తెరవనివ్వదు. ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

విండోస్ కంప్యూటర్‌లో ఇంకో భయం ఉంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ దించుకున్నప్పుడు వెంట వచ్చే రెడ్‌లైన్, లుమ్మా లాంటి దొంగ ప్రోగ్రాములు ముందు వెతికేది బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల కోసమే. గూగుల్ 2024లో క్రోమ్‌కు అదనపు రక్షణ పెట్టింది, దాన్ని దాటే దారులూ దొంగలు కనిపెట్టారు. ఉచితంగా దొరికిన ఫొటో ఎడిటర్ క్రాక్‌కూ, మీ బ్యాంకు ఖాతాకూ మధ్య ఉన్న దూరం అంతే.

## బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్

ఇవి ఏ ఫోన్ కంపెనీకీ చెందనివి. ఐఫోన్, ఆండ్రాయిడ్, విండోస్, లైనక్స్ అన్నిటిలో ఒకేలా పనిచేస్తాయి. రోజూ రెండు మూడు రకాల పరికరాలు వాడేవాళ్లకు ఇదే పెద్ద సుఖం.

బిట్‌వార్డెన్ 2016లో మొదలైంది. దాని కోడ్ అందరూ చూడవచ్చు. ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాలైనా పెట్టుకోవచ్చు, ఇంకొకరితో కొన్ని పంచుకోవచ్చు. మీ తర్వాత నమ్మకమైన మనిషికి వాల్ట్ తెరిచే హక్కు ఇచ్చే 'ఎమర్జెన్సీ యాక్సెస్' కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి.

వన్‌పాస్‌వర్డ్‌లో శాశ్వత ఉచిత ఖాతా లేదు. దాని ప్రత్యేకత 'సీక్రెట్ కీ'. మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు మీ పరికరంలో తయారయ్యే 128 బిట్ల కీ కూడా కలిస్తేనే వాల్ట్ తెరుచుకుంటుంది. ఆ కీ కంపెనీ దగ్గర ఉండదు. లాస్ట్‌పాస్ తరహాలో సర్వర్ దోపిడీ జరిగినా, మాస్టర్ పాస్‌వర్డ్ కాస్త బలహీనంగా ఉన్నవాళ్లను కూడా ఇది కాపాడుతుంది. ఈ ఒక్క విషయంలో మిగతావాటికంటే ఇది మెరుగని ఒప్పుకోవాలి. కీ ఉన్న కాగితాన్ని ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకోవాలి. అది పోయి, పాత పరికరాలూ పోతే, కంపెనీకి ఫోన్ చేసినా లాభం లేదు.

బిట్‌వార్డెన్‌లో ఒక చిక్కుముడి ఉంది, చాలామంది అందులో పడతారు. బిట్‌వార్డెన్ ఇప్పుడు టూ-స్టెప్ లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోనివాళ్లను కొత్త పరికరంలో తెరిచేటప్పుడు ఈమెయిల్‌కు వచ్చే కోడ్ అడుగుతోంది. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ వాల్ట్ లోపలే ఉంటే? ఫోను పోయినరోజు కోడ్ కోసం మెయిల్ తెరవాలి, మెయిల్ తెరవడానికి వాల్ట్ తెరవాలి. అందుకే మాస్టర్ పాస్‌వర్డ్, ఈమెయిల్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్ ఈ మూడూ కాగితం మీద ఉండాల్సిందే.

## కీపాస్

డొమినిక్ రైకల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పాస్‌వర్డ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక్క ఫైలులో మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. సర్వరే లేదు కాబట్టి సర్వర్ హ్యాక్ అన్న భయమే లేదు. అదే ఫైలును కీపాస్ ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్ డీఎక్స్ లాంటి యాప్‌లు కూడా తెరుస్తాయి.

సర్వర్ లేదంటే బ్యాకప్ బాధ్యత పూర్తిగా మీదే. హార్డ్ డిస్క్ పోతే ఫైలు పోతుంది. ఫోన్‌లో మార్చింది ల్యాప్‌టాప్‌లోకి దానంతటదే రాదు. ఇదీ లోపాలకు అతీతం కాదు. మాస్టర్ పాస్‌వర్డ్‌ను కంప్యూటర్ మెమరీ నుంచి రాబట్టే లోపం 2023లో బయటపడింది, 2.54 వెర్షన్‌లో సరిచేశారు. అదే ఏడాది గూగుల్ ప్రకటనల్లో నకిలీ కీపాస్ సైటు కూడా తిరిగింది. దించుకునేటప్పుడు పైన 'స్పాన్సర్డ్' అని వచ్చే లింకు నొక్కకండి.

బ్యాకప్ అలవాటు ఉన్నవాళ్లకు కీపాస్ చాలా మంచిది. లేనివాళ్లకు నేను చెప్పను.

## పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | నోటుపుస్తకం | గూగుల్, ఆపిల్ | బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ | కీపాస్ |
|---|---|---|---|---|
| ప్రతి సైటుకూ వేరే పాస్‌వర్డ్ | ఓపికను బట్టి | తేలిక | తేలిక | తేలిక |
| నకిలీ సైటును గుర్తించడం | లేదు | ఉంది | ఉంది | బ్రౌజర్‌తో కలిపితే ఉంది |
| సర్వర్ దోపిడీ భయం | లేదు | తక్కువ | తక్కువ, వన్‌పాస్‌వర్డ్‌లో ఇంకా తక్కువ | లేదు |
| ఫోను, ల్యాప్‌టాప్ చిక్కితే | సంబంధం లేదు | స్క్రీన్ లాకే రక్షణ | వేరే తాళం ఉంటుంది | వేరే తాళం ఉంటుంది |
| మాస్టర్ మర్చిపోతే | వర్తించదు | ఖాతా రికవరీతో చాలావరకు కుదురుతుంది | చాలా కష్టం | తెరుచుకోదు |
| వేర్వేరు కంపెనీల పరికరాలు | వర్తించదు | ఇబ్బంది | సులువు | కుదురుతుంది, శ్రమ ఉంది |
| ఖర్చు | పుస్తకం ధర | ఉచితం | బిట్‌వార్డెన్ ఉచితం, రెండోది చందా | ఉచితం |

కాంటాక్ట్స్, వాట్సాప్, నోట్స్ యాప్, ఎక్సెల్ షీట్‌లను ఈ పట్టికలో కావాలనే పెట్టలేదు. పాస్‌వర్డ్‌లు దాచడానికి పెట్టినవి కావు అవి.

## మీరు వీరిలో ఎవరు?

ఊళ్లో ఉండే పెద్దవాళ్లు. నాలుగైదు ఖాతాలే ఉంటే నోటుపుస్తకం చాలు. కొత్త యాప్ పెట్టి, మాస్టర్ పాస్‌వర్డ్ అంటూ వాళ్లను టెన్షన్ పెట్టడం అనవసరం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో "సేవ్ చేయాలా?" అని అడిగితే సరేననమని మాత్రం చెప్పండి. నకిలీ సైటు రక్షణ దానితోనే వస్తుంది.

ఒకే ఫోనుతో గడిపే విద్యార్థులు. ఫోన్‌తో వచ్చిందే వాడండి. స్క్రీన్ లాక్‌ను ఆరంకెలకు మార్చండి, స్నేహితులకు చెప్పకండి. కాలేజీ ల్యాబ్‌లోనో నెట్ సెంటర్‌లోనో క్రోమ్‌లో సైన్ ఇన్ అయితే మీ పాస్‌వర్డ్‌లన్నీ ఆ కంప్యూటర్‌లోకి దిగే ప్రమాదం ఉంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్న ఉద్యోగులు. సొంత గూగుల్ ఖాతాను ఆఫీసు క్రోమ్‌లో కలపకండి. ఉద్యోగం మారేరోజు ల్యాప్‌టాప్ లాక్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. బిట్‌వార్డెన్ లాంటిది సొంత ఫోన్‌లో పెట్టుకోవడం మేలు.

విదేశాల్లో ఉండి ఇంటి వ్యవహారాలు చూసేవాళ్లు. డల్లాస్‌లో కొడుకు, తెనాలిలో నాన్న, ఓటీపీ వచ్చేది నాన్న ఫోనుకి. కరెంటు, గ్యాస్, ఆస్తిపన్ను ఖాతాల పాస్‌వర్డ్‌లు వాట్సాప్‌లో పంపుకునే బదులు బిట్‌వార్డెన్ ఉచిత ఖాతాలో ఇద్దరూ పంచుకోవచ్చు. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, దాన్ని ఇంకొకరికి ఇవ్వొద్దని బ్యాంకులే చెబుతాయి. దానికి జాయింట్ ఖాతా సరైన దారి.

వేరేవాళ్ల పాస్‌వర్డ్‌లు చేతిలో ఉన్నవాళ్లు. ట్యాక్స్ కన్సల్టెంట్లు, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్లు. డెస్క్‌టాప్ మీద 'క్లయింట్స్' అన్న ఎక్సెల్ ఫైలులో వందమంది లాగిన్‌లు ఉంటాయి. ఒక్క దొంగ ప్రోగ్రామ్ వస్తే వందమందీ మునుగుతారు. ఈ వ్యాసం చదివేవాళ్లలో వెంటనే మారాల్సింది మీరే. ఒక్క కంప్యూటర్‌లో పనైతే కీపాస్ ఎక్స్‌సీ, ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉంటే బిట్‌వార్డెన్ చెల్లింపు ఖాతా. మానేసిన ఉద్యోగికి ఆరోజే యాక్సెస్ తీసేయొచ్చు, అతను చూసిన పాస్‌వర్డ్‌లు మాత్రం ఎలాగూ మార్చాలి.

ఏది ఎంచుకున్నా, బయటికి తీసుకునే దారి ఉందో లేదో ముందే చూసుకోండి. లాగిన్ కోడ్‌లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకునే సౌకర్యం 2025 ఆగస్టుకల్లా ఎత్తేశారు. కంపెనీలు మనసు మార్చుకుంటూనే ఉంటాయి.

## మాస్టర్ పాస్‌వర్డ్

సంబంధం లేని ఐదు మామూలు పదాలు వరుసగా పెట్టండి. తెలుగు పదాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే గుర్తుంటుంది: గుమ్మడి, ఇస్త్రీ, చెరువు, లాంతరు, పదమూడు అన్నట్టు. (ఇవే పెట్టకండి.) 7,776 పదాల జాబితా నుంచి పాచిక వేసి ఎంచితే నాలుగు పదాలకే 3,600 లక్షల కోట్లకు పైగా కలయికలు వస్తాయి. ఐదో పదం ఆ సంఖ్యను ఇంకో 7,776 రెట్లు చేస్తుంది. పదాలు మీ మనసులోంచి ఏరుకోకండి, పేపర్లో కళ్లు మూసుకుని వేలు పెట్టండి. పద్యం, సామెత, పాట పల్లవి వద్దు, ఊహించేవాళ్లు ముందు ప్రయత్నించేవి అవే.

తెలుగు లిపిలో పెట్టకండి, వేరే కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు. 'చెరువు'ను ఇంగ్లీషులో ఎలా రాశారో కాగితం మీద రాసుకోండి, నెల తర్వాత ఇంకోలా రాస్తారు.

ఏటీఎం, యూపీఐ పిన్‌లు ఎక్కడా రాయకండి, వాల్ట్‌లో కూడా. బ్యాంకు సైటు పేస్ట్ చేయనివ్వకపోతే ఆ ఒక్కదానికీ ఈ పదాల పద్ధతే వాడండి, అక్షరాల పరిమితి ఉంటే అంతవరకు. పేస్ట్‌ను అనుమతించాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాల్లో ఎప్పుడో చెప్పింది, మన బ్యాంకు సైట్లు కొన్ని ఇంకా వినడం లేదు.

## మార్చుకునేటప్పుడు

అన్నీ ఒకేరోజు మార్చాలని కూర్చుంటే మధ్యలో విసుగొచ్చి మానేస్తారు. మొదట ఈమెయిల్ మార్చండి, మిగతా ఖాతాల రీసెట్ లింకులన్నీ వచ్చేది అక్కడికే. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత డబ్బుతో సంబంధం ఉన్నవి. మిగతావి ఆ సైటుకు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. ఈమెయిల్‌కూ వాల్ట్‌కూ రెండంచెల లాగిన్ పెట్టండి, కోడ్ ఎస్ఎంఎస్‌లో కాకుండా ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా చూసుకోండి. మీ నంబరును దొంగ తన సిమ్‌లోకి మార్చుకునే సిమ్ మార్పిడి మోసాల్లో ముందు పోయేవి ఎస్ఎంఎస్‌లే.

క్రోమ్ నుంచి కొత్త మేనేజర్‌లోకి తెచ్చుకోవడానికి 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక సీఎస్‌వీ ఫైలు పడుతుంది. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఏ తాళమూ లేకుండా ఉంటాయి. కొత్తచోటికి వచ్చాయని సరిచూసుకున్న నిమిషమే దాన్ని తీసేయండి, రీసైకిల్ బిన్ నుంచి కూడా. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గూగుల్ డ్రైవ్‌కో వన్‌డ్రైవ్‌కో బ్యాకప్ అవుతుంటే అక్కడి ట్రాష్ కూడా ఖాళీ చేయండి. ఆ తర్వాతే క్రోమ్‌లోని పాత పాస్‌వర్డ్‌లు తొలగించండి.